చెఱకు రసమును కొలుచు కానరాని కిరణములు

"కాటామీద మా చెఱకు బరువు మా కన్నులకు కానవచ్చును, రసములోని చక్కెరను మిల్లువారెట్లు కొలుతురు?" అని చెఱకు పండించు సభ్యులడుగుట కలదు. చెఱకు ధర మిల్లులో దిగిన చక్కెర పాలుతో ముడివడియున్నది గనుక ఈ ప్రశ్న మిక్కిలి న్యాయమైనది. కావున ఆ కొలత రీతిని ఇచట వివరించుచున్నాము.

వెలుగు తరంగములుగా వచ్చుచు అన్ని వైపులకును ఊగుచుండును. తగిన స్ఫటికముగుండ పంపినచో ఒక్క దిశయందు ఊగునది మాత్రమే వెలికి వచ్చును. దీనిని ధ్రువణమందురు. ఇట్టి వెలుగు చక్కెర నీటిలో సాగునపుడు ఆ ఊగు దిశ కుడివైపునకు మెలిదిరుగును. చక్కెర హెచ్చిన కొలది మెలియు హెచ్చును. చక్కెర నీరు మొదలగు ద్రవములకు గల ఈ గుణమును ఫ్రాన్సు దేశపు బియో పండితుడు 1815లో వెల్లడించెను. 26 గ్రాముల శుద్ధమైన చక్కెరను నీట కరగించి 100 మిల్లీలీటర్లు చేసి, 20 సెంటీమీటర్ల గొట్టమునందుంచినచో యంత్రము 100 చూపునట్లు కొలమానమేర్పడినది.

అయితే చెఱకు రసము మడ్డిగాను నల్లగాను ఉండుటచే పసుపు వెలుగు దానిని చక్కగా దాటజాలదు. అందుచే సీసపు లవణము కలిపి రసమును తేటపఱచుచుండిరి. సీసము విషము, పరీక్షించువారికిని, మురుగు పాఱిన నేలకును హానికరము.

ఈ చిక్కును తీర్చినవి పరారుణ కిరణములు. ఎఱుపునకు ఆవల, కంటికి కానరాకుండ ఇవియున్నవని 1800లో ఇంగ్లండునందు హెర్షెలు ఉష్ణమాపకముతో కనుగొనెను. సుమారు 880 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల కిరణము, వడగట్టిన రసము నల్లగా నున్నను దాటిపోవును. మెలి పసుపు వెలుగున వచ్చుదానిలో సగమునకన్న తక్కువయైనను, యంత్రము దానిని సరిగా లెక్కించును. సీసముతో పనిలేదు.

పదార్థమును బట్టి మెలియు మారును. కొట్టిన చెఱకు నిలువయున్నచో అందలి చక్కెర రెండుగా విడిపోవును. అందొకటి కుడికి, రెండవది అంతకన్న బలముగా ఎడమకు త్రిప్పును; కావున అంకె పడిపోవును. మఱియు నిలువ చెఱకున సూక్ష్మజీవులు పుట్టించు డెక్స్‌ట్రాను అను జిగురు, చక్కెరకు సుమారు మూడింతలు కుడికి త్రిప్పి, లేని చక్కెరను ఉన్నట్లు చూపును. కనుక ఈ ఒక్క కొలతయే సర్వప్రమాణము కాదు.

సభ్యులకు మా విన్నపము రెండు మాటలు. కొట్టిన చెఱకును చేనిగట్టున ఎండనీయక వెంటనే మిల్లు చేర్పుడు. శుద్ధజలముతో సున్నయు, క్వార్ట్జు పలకతో నిర్ణీతాంకెయు యంత్రము సరిగా చూపుచున్నదా యని సంఘము పక్షమున అడిగి చూడుడు. కాటాను పరీక్షించు రైతు ఈ యంత్రమునేల పరీక్షింపరాదు?