పార్కిన్సన్స్ ఉన్న ఇంట్లో రోజు గడిచే తీరు

పార్కిన్సన్స్ జబ్బులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు క్రమంగా నశిస్తాయి. అది తగ్గేసరికి ఊరికే ఉన్న చెయ్యి వణుకుతుంది, ఒళ్లు బిగుస్తుంది, నడక నెమ్మదిస్తుంది, మాట సన్నబడుతుంది. అసలు వణుకే లేని రోగులూ ఉంటారు. అందుకే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో దీన్ని ముసలితనమనో వాతమనో సరిపెట్టుకోవడం మామూలే. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనో మరోచోటో నరాల వైద్యుడికి చూపించేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును వివరించాడు. నేటికీ దీనికి ప్రధానమైన మందు లెవోడోపా. కంచెల మీద పాకే దూలగొండి గింజల నుంచి 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఈ పదార్థాన్ని వేరుచేశారు. అలాగని గింజల పొడి సొంతంగా వాడకూడదు. అందులో మందు ఎంత ఉందో తెలియదు.

లెవోడోపా జబ్బును నయం చేయదు, కొన్ని గంటలపాటు కదలికను తిరిగి ఇస్తుంది. కాబట్టి ఇంటి పనులన్నీ మాత్ర వేళను బట్టే సాగాలి. పొద్దున్నే మాత్ర వేసుకుని, అరగంట ఆగి చోడి అంబలి తాగడం మంచిది. పప్పు, గుడ్డు, చేపల్లోని మాంసకృత్తులు కొందరిలో మందును సరిగా ఒంటబట్టనివ్వవు. అలాంటివాళ్లు వాటిని మానకుండా, వైద్యుడిని అడిగి రాత్రి భోజనానికి మార్చుకోవచ్చు. స్నానం, బజారు పని మందు బాగా పనిచేసే వేళలో పెట్టుకోవాలి. పెళ్లి, ప్రయాణం అని మాత్ర దాటేయకూడదు. ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లోవాళ్లను ఎక్కువ భయపెట్టేది గడప. అక్కడికి వచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోతాయి. చెయ్యి పట్టి లాగితే మనిషి ముందుకు పడిపోతాడు. లాగకుండా ఆగనివ్వాలి. బరువు ఒక కాలి మీదికి మార్చుకుని, నేల మీద గీసిన సుద్దగీతను దాటుతున్నట్టు రెండో కాలు పెద్దగా వేయమనాలి. పక్కన చప్పట్లతో తాళం వేసినా అడుగు కదులుతుంది. తప్పెటగుళ్ల దరువు వింటూ పెరిగిన ఈ ప్రాంతం వాళ్లకు ఆ ఊపు కొత్తది కాదు.

కుంగిపోయే నులకమంచం కన్నా ఎత్తుగా, గట్టిగా ఉన్న మంచం మీంచి లేవడం తేలిక. మరుగుదొడ్డిలో కమోడ్ కుర్చీ, గోడకు కడ్డీ ఉండాలి. నీళ్లు, పీచు ఉన్న ఆహారం మలబద్ధకాన్ని తగ్గిస్తాయి. పొలమారడం ఎక్కువైనా, దిగులు పట్టుకున్నా వైద్యుడికి చెప్పాలి, అవీ జబ్బులో భాగాలే.

ఊళ్లో వాంతులకు ఇంజెక్షన్ చేయించుకునే ముందు పార్కిన్సన్స్ ఉందని తప్పక చెప్పాలి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ అనే మందు ఈ జబ్బు లక్షణాలను ముదరబెడుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌నూ వైకల్యాల జాబితాలో చేర్చింది. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం ధ్రువపత్రం వస్తే దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పూర్తిగా మంచం పట్టేదాకా ఆగకుండా, రోగి నడవగలిగినప్పుడే సదరం పరీక్షకు తీసుకెళ్లండి.