కొల్లేటి పక్షులును, మన పెంపుడు కుక్కయు

కుక్కను వెంటబెట్టుకొని చెరువుగట్టున నడచుట మన గోదావరి సీమకు క్రొత్త యలవాటు కాదు. రైతు పొలమునకు బోవునప్పుడు కుక్క ముందు నడచును. పిల్లవాడు కాలువకు స్నానమునకు బోవునప్పుడు వెనుక నడచును. అయితే మన విద్యార్థులలో గొందఱు శీతకాలపు సెలవులలో కొల్లేరు చూడబోవుచు తమ కుక్కలను గూడ గొనిపోవుచున్నారు. కుక్క నీటిలోనికి దుమికినంతనే వందలకొలది పక్షులు ఒక్కుమ్మడి లేచుట కన్నులపండువుగా నుండునని వారందురు. నిజమే. కాని ఆ లేచుటవలన పక్షికి గలుగు నష్టమెంతయో వారును, వారి తలిదండ్రులును తెలిసికొనవలసియున్నది.

కొల్లేరు కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ నేర్పడిన పల్లపు భూమి. బుడమేరు, తమ్మిలేరు మున్నగు నేరులును, పెక్కు కాలువల నీరును ఇందు జేరును. ఉప్పుటేటి మార్గమున నా నీరు బంగాళాఖాతమున గలియును. లోతు స్వల్పమగుటచేతనే యిది పక్షులకు భోజనశాలయైనది. కొంగ నిలువగలిగినంత నీరు, బాతు తలక్రిందుగా మునిగి యడుగును అందుకొనగలిగినంత నీరు, చేపపిల్లలు, నత్తలు, తుంగ – వీనికి గావలసినదంతయు నిచ్చట గలదు. 1999వ సంవత్సరమున ప్రభుత్వమువారు 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును పక్షుల యభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రాంసారు ఒడంబడిక ననుసరించి ఇది అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో జేరినది. 2006లో అభయారణ్యము లోపలి చేపలచెఱువుల గట్లను పెక్కింటిని కొట్టివేయించిరి. ఆ పని యెందఱకో జీవనోపాధి చిక్కులు దెచ్చినమాట వాస్తవమే; ఆ చర్చ వేఱు.

ఇచ్చటి పక్షులలో నెల్ల ముఖ్యమైనది గూడబాతు. పొడవైన ముక్కు, పైముక్కు అంచున నల్లని చుక్కలు, క్రింద వ్రేలాడు సంచి – ఒకసారి చూచినవారు మఱువజాలరు. సంచి చేపలను దాచుకొను బుట్టయని మనవారిలో పెక్కండ్ర తలంపు. అది సరికాదు. అది వల. పక్షి సంచితో నీటిని, చేపను గలిపి తోడును. ముక్కును క్రిందికి వంచి నీటిని జార్చివైచి, పిమ్మట చేపను మ్రింగును. పిల్లలకు మాత్రము గొంతులోనుండి వెలికిదెచ్చిన యాహారము పెట్టును. ఎఱ్ఱకాళ్ళ కొంగలతో గలిసి చెట్లపై పుల్లలతో గూళ్ళు గట్టి, మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు పొదుగుటకు నెలదినములు పట్టును. పిల్లలు గూటిని విడచుటకు మూడు మొదలు అయిదు మాసముల వఱకు గావలెను.

1946లో కె. కె. నీలకంఠన్ అను కేరళ పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున గూడబాతుల నివాసము నొకదానిని కనుగొనెను. అప్పుడచ్చట గూళ్ళు కట్టిన పక్షులు ఇంచుమించు మూడువేలు. అట్టి నివాసమును 1975 ప్రాంతమున పక్షులు పూర్తిగ విడచిపోయినవి. ముప్పది సంవత్సరములు! ఇప్పటి తాతల బాల్యమున నున్న వైభవము వారి పిల్లల బాల్యము నాటికి లేదు. తరువాత రక్షణ కొంత హెచ్చుటచే ఈ జాతి మఱల దేరుకొన్నది. కైకలూరు సమీపమున ఆటపాకలో గూడబాతులు నేడు గూళ్ళు కట్టుచున్నవి. పడవనెక్కి దూరమునుండి చూడవచ్చును. వెళ్ళిపోయిన పక్షి తిరిగివచ్చుట లోకమున తఱచుగా జరుగునది కాదు.

ఇక కుక్క మాట. గేదెలు నీటిలో మునిగి తేలుచుండగా కొంగలు వాని ప్రక్కనే, ఒక్కొక్కప్పుడు వాని వీపుపైననే, నిలిచియుండుట మీరెల్లరు చూచియుందురు. అంత పెద్ద జంతువునకు బెదరని పక్షి చిన్న కుక్కకేల బెదరును? గేదె గడ్డి మేయును; కుక్క తోడేలు వంశమున బుట్టినది, నక్కకు జ్ఞాతి. గ్రుడ్లను, పిల్లలను అపహరించు శత్రువు ఆకారమే పక్షికి కుక్కయందు గన్పట్టును. మన కుక్క మంచిదని పక్షికెవరు చెప్పగలరు?

త్రాడు కట్టితిమి గదా యని కొందఱందురు. 2007లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ సమీపపు అడవులలో ఇద్దఱు శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధన ఫలితములు వెలువడినవి. త్రాడు కట్టిన కుక్కతో మనుష్యుడు నడచిన బాటలలో, ఎవరును నడువని బాటలకంటె, పక్షిజాతులు నూటికి 35 వంతులును, పక్షుల సంఖ్య 41 వంతులును తగ్గినవి. మనుష్యుడొక్కడే నడచినప్పుడు కలిగిన తగ్గుదల అందులో సగముకంటె తక్కువ. అది అడవి, ఇది కొల్లేరు. అంకెలు యథాతథముగ నిచ్చటికి చెల్లకపోవచ్చును గాని, కారణమొక్కటే.

లేచిన పక్షికి గలుగు నష్టము రెండు విధములు. ఉత్తరదేశములనుండి వేలమైళ్ళు వచ్చు సూదితోక బాతులు, పరజలు మన దేశమున శీతకాలమంతయు మేసి, తిరుగు ప్రయాణమునకు క్రొవ్వు కూడబెట్టుకొనును. దినమునకు పదిసార్లు బెదరి యెగిరిన, కూడబెట్టినది ఖర్చగుటయే గాక మేతవేళయు వ్యర్థమగును. గూటిపక్షి లేచినచో నష్టము మఱింత ఘోరము: ఎండకు గ్రుడ్లు మాడిపోవును, లేదా కాకులు తన్నుకొనిపోవును. గ్రుడ్లను, గూళ్ళను పాడుచేయుట 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము ప్రకారము వేటగానే యెంచబడును.

తీతువును గూర్చి యొకమాట. దాని కూత అపశకునమని మన యిండ్లలో భయపడుదురు. అది నేలమీద చిన్నగుంటలో, గులకఱాళ్ళ నడుమ, మట్టిరంగు గ్రుడ్లు పెట్టును. కుక్క దగ్గఱకు వచ్చినప్పుడు తలమీద తిరుగుచు అఱచును. అది యెవరి చావునో చాటుట కాదు. తన గ్రుడ్లకై తల్లి పెట్టు మొఱ. కూత విన్న చోట నిలిచి, వచ్చిన దారినే మఱలవలెను.

కావున తణుకు పిల్లలకు నేనిచ్చు సలహా యిది. కుక్కకు గోస్తనీ కాలువగట్టు చాలును. పిచ్చికుక్కవ్యాధి రాకుండ టీకా వేయించి, త్రాడు పట్టి, ఉదయము సాయంకాలము నడిపింపుడు. కొల్లేటికి బోవునాడు దానిని ఇంటివద్ద విడచి రండు. సూర్యుడు వీపువైపున నుండునట్లు కూర్చుండుడు. తెల్లబట్టలు, ఎఱ్ఱబట్టలు వలదు. బాతులు మేత మాని మెడలెత్తినచో మీరు మిక్కిలి దగ్గఱకు వచ్చితిరని యర్థము. అవి ఈదుచు దూరముగ జరిగినచో అడుగు ముందుకు వేయకుడు. రెండడుగులు వెనుకకు వేసి కదలక కూర్చున్నచో, కొంతసేపటికి మెడలు వంచి మఱల మేయ నారంభించును. అప్పుడు పుస్తకము తీసి తేది, వేళ, స్థలము, పక్షిపేరు, సంఖ్య వ్రాసికొనుడు. పేరు తెలియనిచో ముక్కు ఆకారము, కాళ్ళరంగు వ్రాసిన జాలును. సెలవులైన తరువాత తరగతిలో పేరు వెదకుదము.