మీకు తెలుసా? కృప ముందా, మన నిర్ణయం ముందా?

నల్లగొండ, పాలమూరు చర్చిల్లో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు ఒకే ఊపిరిలో రెండు మాటలంటారు: "దేవుడు కృపతో నన్ను పిలిచాడు", "నేను ప్రభువును అంగీకరించాను". మరి మొదటి అడుగు ఎవరిది? క్రైస్తవ లోకం పదహారు వందల ఏళ్లుగా వాదించుకుంటున్న ఈ ప్రశ్న మన ఊళ్లనూ తాకింది.

1. నల్లగొండకు రష్యా చుట్టరికం
అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో రష్యా నుంచి మన దేశానికి వచ్చి, మరుసటేడు నల్లగొండలో స్థిరపడ్డారు. వాళ్లది 1860లో, నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో పుట్టిన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం. తమ విశ్వాసాన్ని తమ నోటితో చెప్పగలిగినవారికే అక్కడ బాప్తిస్మం. తర్వాత ఈ సంఘం నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి వైపూ విస్తరించింది.

2. 1525లో రెండు దారులు
ఆ ఏడు జనవరిలో జూరిచ్‌లో కొందరు పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం పొందారు. మెన్నోనైట్ల మూలం ఆ ఉద్యమమే. అదే ఏడు మార్టిన్ లూథర్, మనిషి సంకల్పం బానిసేనని పుస్తకం రాశాడు. మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఉందని 1527లో రాసిన, ఆ పెద్దల బాప్తిస్మ ఉద్యమ నాయకుడు హుబ్‌మయర్‌ను, మరుసటేడు వియన్నాలో మతద్రోహి అని సజీవంగా కాల్చేశారు.

3. స్వేచ్ఛ పక్షానికీ కృపే ముందు
మనిషి తన ప్రయత్నంతోనే నీతిగా బతకగలడన్న పెలాగియస్ బోధను 418లో కార్తేజ్ సభ తోసిపుచ్చింది. విశ్వాసం మొలకెత్తడమే కృప పని అని 529లో ఆరెంజ్ సభ తేల్చింది. తర్వాత స్వేచ్ఛను సమర్థించిన అర్మీనియస్, వెస్లీ కూడా మొదటి అడుగు దేవుడిదేనన్నారు. ఆ పిలుపును మనిషి కాదనగలడా అన్నదే అసలు తగువు.

4. ఒకే ఊరు, రెండు మాటలు
ప్రొటెస్టంట్లు కృప, బాప్తిస్మం అంటే, కథోలికులు దేవవరప్రసాదం, జ్ఞానస్నానం అంటారు. కథోలికులు చంటిబిడ్డకే జ్ఞానస్నానం ఇప్పిస్తారు. బిడ్డ ఏమీ చేయకముందే కృప వచ్చిందని చెప్పడమది. అయినా పెద్దయ్యాక మనిషి ఆ కృపకు సరేననాలి, కాదనగలడు కూడా అని 1547లో ట్రెంట్ సభ చెప్పింది.

5. కరువులో ఆపిన బాప్తిస్మాలు
1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. అన్నం కోసం బాప్తిస్మం అడుగుతారేమోనని ఆ రోజుల్లో ఎవరికీ ఇవ్వలేదు. పని ముగిశాకా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆకలి చేయించిన ఎంపిక ఎంపిక కాదని ఆయన గుర్తించాడు.

6. పాపయ్య ప్రశ్న
శంషాబాద్‌లో 1932లో పుట్టిన మిషనరీ, మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్, పాలమూరు పల్లె జీవితం మీద 1971లో 'కొండూరు' అనే పుస్తకం రాశాడు. 1978లో ఒక వ్యాసంలో ఇలా అడిగాడు: చదువురాని రైతు పాపయ్య సువార్తను ఒక్కసారే విని క్రైస్తవుడు కాగలడా? కాగలడన్నాడు. గెట్టు దాటాడా లేదా అని కొలవొద్దు, ఎటు తిరిగి నడుస్తున్నాడో చూడమన్నాడు.

7. కోతిపిల్ల, పిల్లికూన
యాదగిరిగుట్ట భక్తులకు ఈ ప్రశ్న కొత్త కాదు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది. పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోతుంది. దేవుడి కృప గురించి శ్రీవైష్ణవులు చెప్పే మర్కట, మార్జాల న్యాయాలివి. జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఒట్టో 1930లో భారతీయుల కృపామార్గాన్నీ క్రైస్తవాన్నీ పోల్చి ఒక పుస్తకమే రాశాడు.

8. జవాబు నీళ్లలో ఉంది
బాప్తిస్మం తొట్టి దగ్గర నిలబడి చూడండి. "విశ్వసిస్తున్నావా?" అని పాస్టరుగారు అడుగుతారు. "విశ్వసిస్తున్నాను" అని ఆ మనిషే చెప్పాలి, ఆ మాట మరొకరు చెప్పలేరు. తర్వాత పాస్టరుగారి చేయి వీపు కిందికి వెళ్తుంది. మెడ బిగబట్టకుండా ఆ చేతి మీద వెనక్కి వాలిపోవాలి. మాట తనది, మోసే చేయి తనది కాదు. ఎవరూ తమకు తాము బాప్తిస్మం ఇచ్చుకోరు.