రేసు కారుకు పొగ నియమాలు ఉండాలా?



సుపేలా దగ్గర జీఈ రోడ్డు మీద పోయే బండ్ల నంబరు ప్లేట్లు ఎప్పుడైనా గమనించారా? సీజీ 07 మన దుర్గ్ జిల్లాది. వాటి మధ్య అక్కడక్కడా ఏపీ 31, ఓడీ, జేహెచ్ కనిపిస్తుంటాయి. వాటిలో చాలావరకు మనలాగే బదిలీ మీద వచ్చిన కుటుంబాల బండ్లు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే మళ్లీ ఇక్కడ రిజిస్టర్ చేయించాలి. ఆ తిప్పలు తగ్గించడానికే 2021లో బీహెచ్ సిరీస్ నంబర్లు తెచ్చారు. అయితే నంబరు ఏ రాష్ట్రానిదైనా పెట్రోలు, డీజిలు బండ్లన్నిటికీ ఉండాల్సిన కాగితం ఒకటుంది. అదే పొల్యూషన్ సర్టిఫికెట్.

మరి రోడ్డెక్కని కారు సంగతేమిటి? రేసు ట్రాక్ మీద మాత్రమే తిరిగే కారుకు కూడా పొగ నియమాలు ఉండాలా? ఈ ప్రశ్న మీద అమెరికాలో పెద్ద వివాదమే నడిచింది. అందులో రెండు వైపులా న్యాయం ఉంది కాబట్టి మనం తెలుసుకోదగ్గదే.

ముందు పొగ గురించి నాలుగు మాటలు. ఇంజనులో పెట్రోలు పూర్తిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు బయటికి వస్తాయి. వేడి ఎక్కువైనప్పుడు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. వీటిని అదుపు చేయడానికి పొగ గొట్టంలో కెటలిటిక్ కన్వర్టర్ అనే పరికరం అమరుస్తారు. దాని లోపల తేనెపట్టులాంటి సన్నని గదులు, వాటిపై ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటాయి. విష వాయువులు వాటి గుండా వెళ్తూ చాలావరకు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మారిపోతాయి. సీసం కలిసిన పెట్రోలు ఈ పూతను పాడుచేస్తుంది. అందుకే మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు ఈ పరికరాన్ని తప్పనిసరి చేసినప్పుడు సీసం లేని పెట్రోలు కూడా తెచ్చారు.

రేసు ప్రియులకు ఇదే అడ్డంకి. పొగ బయటికి పోవడానికి ఈ పరికరం కొంత అడ్డుపడుతుంది, ఇంజను శక్తి కాస్త తగ్గుతుంది. అందుకని పాత రోడ్డు కారు ఒకటి కొని, సీట్లు పీకేసి, లోపల ఇనుప గొట్టాల పంజరం బిగించి, కన్వర్టర్ తీసేసి, ఆదివారాలు ట్రాక్ మీద పోటీ పడటం అమెరికాలో వేలమందికి సరదా. వాళ్లు వృత్తి రేసర్లు కారు. ఉద్యోగాలు చేసుకుంటూ జీతం డబ్బులతో ఈ ముచ్చట తీర్చుకునేవాళ్లు.

అక్కడి 1970 నాటి స్వచ్ఛ గాలి చట్టం ప్రకారం, కంపెనీ బిగించిన పొగ నియంత్రణ పరికరాన్ని ఎవరూ తీసేయకూడదు. 2015 జూలైలో ఆ దేశపు పర్యావరణ సంస్థ భారీ ట్రక్కుల కోసం వందల పేజీల ముసాయిదా నియమాలు విడుదల చేసింది. అందులో ఒక చోట, రోడ్డు కోసం తయారైన కారును పోటీలకు మాత్రమే వాడినా ఆ పరికరాలు తీయకూడదని రాసి ఉంది. ట్రక్కుల కాగితాల్లో రేసు కార్ల మాట ఎవరు వెతుకుతారు? విడిభాగాల తయారీదారుల సంఘం సెమా దాన్ని పట్టుకుని 2016 ఫిబ్రవరిలో బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే వినతిపత్రం మీద లక్షకు పైగా సంతకాలు పడ్డాయి.

రేసు ప్రియుల వాదన ఇది: మా కార్లు కొన్నే, నడిచేది కొన్ని గంటలే, అదీ ట్రాక్ మీదే. ట్రాక్‌కు కూడా ట్రైలర్ మీద ఎక్కించి తీసుకుపోతాం. రోజూ రోడ్డు మీద తిరిగే కోట్ల బండ్ల ముందు మా పొగ ఎంత?

పర్యావరణ సంస్థ జవాబు కూడా కొట్టిపారేయదగ్గది కాదు. మొదటి నుంచీ రేసు కోసమే తయారైన కార్ల జోలికి తాము రావడం లేదని చెప్పింది. అసలు భయం వేరు. ‘రేసుకు మాత్రమే’ అని రాసి అమ్మే విడిభాగాలు చివరికి రోడ్డు బండ్లకే చేరుతున్నాయి. అది వట్టి అనుమానం కాదని తర్వాత తేలింది. పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ ట్రక్కులకు ఈ పరికరాలు పీకేశారనీ, ఆ బండ్ల జీవితకాలంలో 5,70,000 టన్నులకు పైగా నైట్రోజన్ ఆక్సైడ్లు అదనంగా గాలిలో కలుస్తాయనీ ఆ సంస్థ 2020లో అంచనా వేసింది. కొందరి సరదా పేరు చెప్పుకుని ఇంకెందరో తప్పించుకున్నారన్నమాట.

2016 ఏప్రిల్‌లో ఆ సంస్థ వివాదాస్పదమైన వాక్యాన్ని తీసేస్తామని ప్రకటించింది. కానీ చట్టం మారలేదు. రేసు కార్లకు స్పష్టమైన మినహాయింపు కోరుతూ అదే ఏడాది అక్కడి పార్లమెంటులో పెట్టిన బిల్లు నెగ్గలేదు. తర్వాత మళ్లీ మళ్లీ ప్రవేశపెట్టారు.

మన దేశం సంగతి చూద్దాం. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరైన బండిని కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా మార్చకూడదు. సైలెన్సర్ మార్చి పొగ, శబ్దం పెంచితే 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయినా సరదాకు చోటు లేకుండా పోలేదు. పాత కార్ల ప్రియుల కోసం 2020 నవంబరులో కేంద్రం ముసాయిదా నియమాలు ప్రకటించి, అభిప్రాయాలు అడిగి, 2021 జూలైలో ఖరారు చేసింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి ‘వీఏ’ అనే అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. దాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు నడపవచ్చు, రోజువారీ పనులకు మాత్రం వాడకూడదు. ఎక్కడ, ఎందుకు నడుపుతున్నారన్నదే ఇక్కడ గీత.

ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా కార్లు తయారుచేసి పోటీపడే బాహా పోటీలు మన దేశంలో 2007 నుంచి జరుగుతున్నాయి. వాటిలో 2015 నుంచి బ్యాటరీ కార్లకూ వేరే విభాగం ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున పొగ గొట్టమే లేని ఫార్ములా ఈ కార్లు పోటీపడ్డాయి. వేగానికి పొగ తప్పనిసరి కాదని తెలుగు నేల మీదే చూశాం.

మీలో కొందరు రేపు రేసు కార్లు తయారుచేస్తారు, మరికొందరు నియమాలు రాసే కుర్చీల్లో కూర్చుంటారు. కారు తయారుచేసేవాళ్లు ట్రాక్‌కూ రోడ్డుకూ మధ్య గీతను తామే కాపాడుకోవాలి. ఆ గీత చెరిగితే ముందు నష్టపోయేది వాళ్ల ముచ్చటే. నియమాలు రాసేవాళ్లు ఎవరి మీద ఆ నియమం పడుతుందో వాళ్లకు కనబడే చోట రాయాలి. ఇక మిగతా మనమందరం ముసాయిదా వచ్చినప్పుడే చదివి, గడువులోగా మన మాట చెప్పడం నేర్చుకుందాం.