శుక్రవారం కబురు

శుక్రవారం సాయంత్రం పిల్లల్ని ఇంటికి తీసుకొచ్చేసరికి ఫోన్‌లో బడి ఉత్తరం వచ్చి ఉంటుంది. ఆ వారం ఏ తరగతిలో ఎవరికి సర్టిఫికెట్ ఇచ్చారు, ఏ తరగతి హాజరు ఎంత శాతం, వచ్చే మంగళవారం ఫుట్‌బాల్ క్లబ్ ఉందా లేదా, పేరు రాయని కోట్లు ఎన్ని మిగిలిపోయాయి అన్నీ అందులో ఉంటాయి. ఎవరి తలలోనో పేలు కనిపించాయి, అందరూ ఇంట్లో దువ్వి చూడండి. గేటు ముందు పసుపు గీతల మీద కార్లు ఆపకండి. లంచ్‌బాక్సుల్లో పల్లీలు, జీడిపప్పుల్లాంటివి పంపకండి. ఈ చివరి మాట నేరుగా మన వంటింటికే తగులుతుంది. ఇడ్లీలోకి పల్లీ చట్నీ, దోసె మీద చల్లిన పల్లీ పొడి, పండక్కి చేసిన పల్లీ ఉండ, అన్నీ అందులోకే వస్తాయి. పక్కన కూర్చున్న బిడ్డకు అలర్జీ ఉంటే అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి.

ఇంగ్లండ్‌లో ఏ ప్రైమరీ స్కూల్ ఉత్తరమైనా దాదాపు ఇలాగే ఉంటుంది. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ బడి అయితే పైన ఇంకో పేరా కనిపిస్తుంది. ఈ ఆరేడు వారాలూ బడి మొత్తం ఏ గుణం గురించి మాట్లాడుకుంటోందో అందులో రాస్తారు. ఓర్పు, కృతజ్ఞత, క్షమ, ధైర్యం, వీటిలో ఏదో ఒకటి. ఆ వారం అసెంబ్లీకి వికర్, అంటే ఊరి చర్చి గురువు, వచ్చి ఏ కథ చెప్పారో కూడా ఉంటుంది. ఈ దేశంలో ఇలాంటి చర్చి బడులు దాదాపు 4,600. వాటిలో చదివే పిల్లలు సుమారు పది లక్షలు. ప్రైమరీ స్కూళ్లలో నాలుగో వంతు ఇవే. కొందరు కోరి చేర్పిస్తారు, ఎక్కువమందికి ఇంటికి దగ్గరని దొరుకుతుంది. మొదటి తరగతి రిసెప్షన్ నుంచి చివరిదైన ఇయర్ సిక్స్ దాకా ఏడేళ్లు మన తర్వాత మన పిల్లలు ఎక్కువగా చూసే పెద్దవాళ్లు ఆ టీచర్లే. అందుకే ఈ ఉగాది సంచికలో ఆ బడి గురించి రాస్తున్నాను.

ముందు గడిచిన రెండు టర్ముల కబుర్లు.

సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లో హార్వెస్ట్ పండగ వచ్చింది. పంట చేతికొచ్చినందుకు చెప్పుకునే కృతజ్ఞత అది, మన సంక్రాంతి మనసే దానిదీ. పిల్లలు తలా ఒక డబ్బా తెచ్చి చర్చిలో మెట్ల మీద పేరుస్తారు. టమాటా, బీన్స్, సూపు, ఎక్కువ కాలం నిలవుండే పాలు. అవన్నీ ఊళ్లోని ఫుడ్ బ్యాంకుకి వెళ్తాయి. కొత్తగా వచ్చిన కుటుంబాలకు చెప్పాల్సింది ఒకటుంది. ఖరీదైనదేదో కొనాలని లేదు, కానీ తారీఖు దాటని, విప్పని డబ్బా కావాలి. బిడ్డ తన చేత్తో తీసుకెళ్లి పెట్టాలి. ఈ దేశంలో కూడా పస్తుండే ఇళ్లున్నాయని మన పిల్లలకు మొదట తెలిసేది ఆ రోజే. ఆ రాత్రి అన్నం దగ్గర వాళ్లు అడిగే ప్రశ్నలకు తీరిక చేసుకుని జవాబు చెప్పండి.

నవంబర్ 11న రెండు నిమిషాల మౌనం. పిల్లలు ఎర్ర గసగసాల పువ్వులు పెట్టుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షలకు పైగా, రెండోదానికి సుమారు పాతిక లక్షల మంది వెళ్లారు. ఈ మాట తరగతిలో చెప్పడానికి మనలో ఎవరైనా వస్తామంటే కాదనే టీచర్‌ని నేను చూడలేదు.

డిసెంబర్‌లో క్రిస్టింగిల్. నారింజ పండు చుట్టూ ఎర్ర రిబ్బన్, పైన కొవ్వొత్తి, నాలుగు పుల్లలకు గుచ్చిన ఎండుద్రాక్ష, మిఠాయిలు. పండు లోకం, రిబ్బన్ క్రీస్తు రక్తం, పుల్లలు నాలుగు ఋతువులు, వెలుగు క్రీస్తు. 1747లో జర్మనీలో మొరేవియన్ క్రైస్తవుల దగ్గర పుట్టిన ఆచారమిది. 1968లో లింకన్ కెథెడ్రల్‌లో చిల్డ్రన్స్ సొసైటీ కోసం మొదలుపెట్టాక ఇంగ్లండ్ అంతా పాకింది. ఆ వెనకే చిన్న తరగతుల నేటివిటీ నాటకం. మరియ, యోసేపు వేషాలు ఇద్దరికే దక్కుతాయి. మిగతావాళ్లు గొల్లలు, దేవదూతలు, గొర్రెలు, ఒంటె. గొల్లవాడి తలపాగాకు ఇక్కడి తల్లులు గిన్నెలు తుడిచే గుడ్డ కడతారు. మన ఇంటి గళ్ల తువాలు అంతకంటే బాగా నప్పుతుంది. గొర్రె వేషం వచ్చిందని చిన్నబుచ్చుకోకండి. ముందు వరసలో కూర్చునేది గొర్రెలే, ఫొటోలు వాళ్లవే బాగా వస్తాయి.

మార్చి 5న వరల్డ్ బుక్ డే జరిగింది. 2026ను ఈ దేశం పుస్తక పఠన సంవత్సరంగా ప్రకటించుకుంది కాబట్టి హడావిడి కాస్త ఎక్కువే. పిల్లలందరికీ ఒక పౌండు టోకెన్ ఇస్తారు, దానితో ఒక చిన్న పుస్తకం ఉచితంగా తెచ్చుకోవచ్చు. వేషాల్లో మాంత్రికులు, సూపర్‌మన్‌లే ఎక్కువ. తెనాలి రామకృష్ణుడూ, భుజాన శవంతో విక్రమార్కుడూ ఆ వరసలో నిలబడితే టీచర్ తప్పక కథ అడుగుతుంది. వచ్చే ఏడాదికి ఇప్పుడే ఆలోచించుకోండి.

ఈ చర్చి బడుల పుట్టుక కథ మనం తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే అది మొదలైంది మద్రాసులో. స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్‌లో 1753లో పుట్టిన ఆండ్రూ బెల్ అనే మతగురువు 1787లో మద్రాసు చేరాడు. 1789లో ఎగ్మూరులో మగపిల్లల అనాథాశ్రమాన్ని చూసుకునే పని తీసుకున్నాడు. తెల్ల సిపాయిలకూ మన దేశపు తల్లులకూ పుట్టిన బిడ్డలు అక్కడ ఎక్కువ. ఉన్న ఉపాధ్యాయులతో చదువు సాగడం లేదు. ఒక ఉదయం షికారుకు వెళ్తూ బెల్ ఒక నాటు బడి చూశాడు. పిల్లలు నేలమీద కూర్చుని ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. తన బడిలోనూ అలాగే చెప్పమన్నాడు. ఉపాధ్యాయుడికి అది రుచించలేదు. అప్పుడు ఒక సిపాయి కొడుకైన ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్‌ని పిలిచి, చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే పని వాడికి అప్పగించాడు. వాడు నేర్పి చూపించాడు. అక్కడి నుంచి బడి అంతా పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతిలోకి మారింది.

బెల్ తిరిగొచ్చి 1797లో ఆ అనుభవాన్ని పుస్తకంగా వేశాడు. 1798లో లండన్‌లోని ఆల్డ్‌గేట్‌లో సెంట్ బొటాల్ఫ్ చర్చి బడి దాన్ని అమలు చేసింది. 1811లో పేదపిల్లల చదువుకోసం చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ నేషనల్ సొసైటీని స్థాపించినప్పుడు, దాని బడులన్నిటికీ పునాది ఈ 'మద్రాసు పద్ధతే'. సర్కారు తన సొంత బాధ్యతగా బడులు పెట్టడం మొదలుపెట్టిన 1870 చట్టానికి అప్పటికింకా దాదాపు అరవై ఏళ్లుంది. ఈ రోజు మన పిల్లలు చదివే పాత చర్చి బడులు ఎన్నో ఆ సొసైటీ వేసిన నాట్లే. బెల్‌ని వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో సమాధి చేశారు. సెంట్ ఆండ్రూస్‌లో ఆయన డబ్బుతో వెలసిన ఉన్నత పాఠశాల పేరు ఇప్పటికీ మద్రాస్ కాలేజ్.

ఈ పద్ధతికి తెలుగు గడ్డ మీదా సాక్ష్యం ఉంది. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద ఒక నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసిన క్యాంప్‌బెల్ ఆయనే. అనంతపురం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. ఆయన లెక్కలో 533 బడులుంటే వాటిలో 226 తెలుగు బడులు. రాత నేర్పడానికి అక్కడ ఎంత తక్కువ ఖర్చవుతోందో, ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు చెబుతూ తమ చదువును ఎలా గట్టిచేసుకుంటున్నారో చూసి, ఇంగ్లండ్ దీన్ని అనుకరించడం సబబేనని రాశాడు. ఇదే నివేదికలో ఆయన ఇంకో మాటా రాశాడు. జనం బీదరికంలో కూరుకుపోవడంతో ఆ బడులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయని. పద్ధతి ఇక్కడికి చేరి వర్ధిల్లింది, పుట్టిన అరుగు మీద మాత్రం పిల్లలు పలచబడ్డారు. ఈ రెండు సంగతులూ కలిపే చెప్పాలి. బెల్ పద్ధతిలో చౌకతనం, వల్లెవేత కూడా ఎక్కువే. పందొమ్మిదో శతాబ్దం సగానికొచ్చేసరికి ఇంగ్లండ్ దాన్ని వదిలిపెట్టింది.

వదిలిపెట్టినా ఛాయ మిగిలింది. ఇప్పటి చర్చి బడుల్లో చాలాచోట్ల రిసెప్షన్‌లో చేరిన ప్రతి బిడ్డకూ ఇయర్ సిక్స్ నుంచి ఒక 'బడ్డీ'ని ఇస్తారు. మొదటి వారాల్లో భోజనాల గదిలో ట్రే పట్టుకోవడం, కోటు తగిలించడం, ప్రార్థన వేళ చెయ్యి పట్టుకుని చర్చికి నడిపించడం ఆ పెద్దపిల్లల పని. మనం పెద్దవాళ్లం కూడా చేయాల్సింది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. పదేళ్ల కిందట వచ్చినవాళ్లకు ఈ శుక్రవారం ఉత్తరంలో ప్రతి మాటా తెలుసు. నిరుడు హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన తల్లికి సగం అర్థం కాదు, అడగడానికి మొహమాటం. బుక్ బ్యాగులో ఉన్న రీడింగ్ రికార్డ్‌లో ఇంట్లో చదివించిన ప్రతిసారీ ఒక ముక్క రాసి సంతకం పెట్టాలని, టర్మ్ మధ్యలో ఇండియా ప్రయాణం పెట్టుకుంటే జరిమానా పడొచ్చని, రిసెప్షన్ నుంచి ఇయర్ టూ దాకా 2014 నుంచి మధ్యాహ్న భోజనం అందరికీ ఉచితమని, అందులో శాకాహారం అడిగి తీసుకోవచ్చని ఆమెకు చెప్పాల్సింది పక్కింటి తెలుగువాళ్లే.

మతం సంగతి మన ఇళ్లలో అందరూ గొంతు తగ్గించి అడుగుతారు. తిన్నగానే చెబుతాను. చర్చి బడిలో రోజూ ప్రార్థన ఉంటుంది, ఇష్టం లేకపోతే బిడ్డను దాని నుంచి తప్పించే హక్కు చట్టం తల్లిదండ్రులకు ఇచ్చింది. ఆ హక్కు వాడుకోవాలనుకునేవాళ్లు ముందు ఒకసారి తల్లిదండ్రుల్ని పిలిచే అసెంబ్లీకి వెళ్లి కూర్చుని చూడండి. ఒక కథ, ఒక పాట, ఒక నిమిషం మౌనం. మత పాఠాల్లో హిందూ, ఇస్లాం, సిక్కు మతాలూ ఉంటాయి. దీపావళి పాఠం వచ్చినప్పుడు టీచర్ కళ్లు మన పిల్లల కోసమే వెతుకుతాయి. మనలో క్రైస్తవ కుటుంబాలకైతే ఇది పరాయి ఇల్లే కాదు. 1947లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఇంగ్లండ్ చర్చి ఉన్న ఆంగ్లికన్ కూటమిలోనే ఉంది. ఆ కూటమిలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు వి.ఎస్. అజరయ్య, 1912 నుంచి దోర్నకల్‌లో తెలుగువాళ్ల మధ్యే పనిచేశారు. దోర్నకల్, మెదక్ సంఘాల నుంచి వచ్చిన కుటుంబం వికర్‌కు ఆ మాట చెబితే అక్కడి నుంచి సంభాషణ ఇంకోలా సాగుతుంది.

ఇక రాబోయేవి. ఈస్టర్ ఏప్రిల్ 5న, దాని ముందూ వెనకా సెలవులు. ఏప్రిల్ 16న సెప్టెంబర్ రిసెప్షన్ సీట్ల ఫలితం వస్తుంది. మే 11 నుంచి 14 దాకా ఇయర్ సిక్స్ పిల్లలకు శాట్స్ పరీక్షలు. వాటికోసం పిల్లల్ని ట్యూషన్లలో నలిపేయడం నాకు నచ్చదు. సెకండరీ సీటు అప్పటికే ఖాయమై ఉంటుంది, ఆ మార్కులు దాన్ని మార్చవు. నాలుగు రాత్రులు తొందరగా పడుకోబెట్టండి. జూన్‌లో ఇయర్ ఫోర్ పిల్లలకు ఎక్కాల పరీక్ష, కంప్యూటర్ మీద 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఆరు సెకన్లు, పన్నెండో ఎక్కం దాకా. ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పిన తాతయ్యలు వీడియో కాల్‌లో సిద్ధంగా ఉన్నారు, వాళ్లకు అప్పగించండి. అదే నెలలో ఇయర్ వన్ వాళ్లకు ఫోనిక్స్. 40 మాటలు చదవాలి, అందులో సగానికి అర్థమే ఉండదు, పక్కన ఒక వింత జంతువు బొమ్మ ఉంటుంది. అక్షరాలు కలిపి పలకగలరా అన్నదే పరీక్ష. ఇంట్లో గుణింతం దిద్దిన పిల్లలకు ఆ కూడిక కొత్త కాదు.

జూన్, జూలైల్లో ఆటల పోటీలు, సమ్మర్ ఫెయిర్. ఫెయిర్ నడిపేది పేరెంట్స్ సంఘం, మనుషులు ఎప్పుడూ చాలరు. మన సమోసాలు ముందే అయిపోతాయని అందరికీ తెలుసు, కానీ బల్లలు సర్దడానికీ, సాయంత్రం చెత్త ఎత్తడానికీ కూడా చేతులు కావాలి. ఇంకొంచెం తీరిక ఉన్నవాళ్లు వారానికి ఒక గంట పిల్లల చదువు వినడానికి వెళ్లొచ్చు. నేరచరిత్ర చూసే డీబీఎస్ తనిఖీ ఒకటి చేస్తారు, అంతే. బడి పాలకవర్గంలో కూర్చునే పేరెంట్ గవర్నర్ ఎన్నిక ప్రకటన ఉత్తరంలో కనిపిస్తే పేరు ఇవ్వండి. లండన్‌లో పుట్టే పిల్లలు తగ్గి ప్రైమరీ బడులు మూతపడుతున్నాయి, వాటిలో చర్చి బడులూ ఉన్నాయి. తల ఒక్కింటికి ఇంత అని డబ్బు వస్తుంది కాబట్టి ఒక తరగతిలో ఐదుగురు తగ్గినా ఒక సహాయకురాలి ఉద్యోగం పోవచ్చు. ఆ నిర్ణయాలు జరిగే గదిలో మనవాళ్లు కూర్చుని ఉండాలి.

చివరగా, 2022 సెప్టెంబర్ 1 నుంచి 2023 ఆగస్టు 31 లోపు పుట్టిన బిడ్డలున్న ఇళ్లకు. మీ వాళ్లు రిసెప్షన్‌లో చేరేది 2027 సెప్టెంబర్‌లో. దరఖాస్తు కౌన్సిల్ ద్వారానే, గడువు 2027 జనవరి 15. చర్చి బడుల్లో కొన్నిటికి సీట్లు కౌన్సిల్ పద్ధతిలోనే ఇస్తారు. కొన్నిటికి బడి పాలకవర్గం సొంత నియమాలుంటాయి, వాటికి ఇంకో ఫారం నింపి, అవసరమైతే వికర్ సంతకం తీసుకుని నేరుగా బడికి ఇవ్వాలి. ఈ రెండో ఫారం మరిచిపోయి సీటు పోగొట్టుకున్నవాళ్లు మనలో ఉన్నారు. అక్టోబర్, నవంబర్‌లలో బడి చూపించే రోజులు పెడతారు, హెడ్‌టీచర్ స్వయంగా తిప్పుతారు. వెళ్లేటప్పుడు, ఇప్పటికే అక్కడ బిడ్డను చదివిస్తున్న తెలుగు కుటుంబాన్ని ఒకదాన్ని వెంట తీసుకెళ్లండి.