ఏ వీధి అబ్బాయివి?

1950లో గార్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫొటోగ్రాఫర్ అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో తాను పుట్టిన ఫోర్ట్ స్కాట్ పట్టణానికి తిరిగి వెళ్లాడు. ‘లైఫ్’ పత్రిక సిబ్బందిలో చేరిన తొలి నల్లజాతి ఫొటోగ్రాఫర్ ఆయనే. నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేర్వేరు బడులుండటం మీద ఛాయాచిత్రాలు తెమ్మని పత్రిక ఆయన్ను పంపింది. పార్క్స్ 1927లో నల్లపిల్లల బడిలో తనతోపాటు చదివిన 11 మంది కోసం వెతికాడు. ఊళ్లో మిగిలింది ఒక్కరే. తక్కినవారు కాన్సస్ సిటీ, సెయింట్ లూయిస్, షికాగో, డెట్రాయిట్ వంటి నగరాలకు వలసపోయారు. ఆయనా వారి వెంటే ఆ నగరాలకు వెళ్లి, వారి ఇళ్ల వద్దే, కుటుంబాలతో సహా బొమ్మలు తీశాడు. ‘లైఫ్’ ఆ కథనాన్ని అచ్చువేయలేదు. ఆ చిత్రాలు 2015లో బోస్టన్‌లో ప్రదర్శనకు వచ్చేసరికి పార్క్స్ చనిపోయి దాదాపు తొమ్మిదేళ్లు.

శ్రీకాకుళం వాడికి ఇందులో పరాయి సంగతి ఏదీ లేదు. వలసపోయిన ఊళ్ల పేర్లు మారతాయి, అంతే. టెక్కలిలో సాంఘిక సంక్షేమ వసతి గృహంలో నాతో చదివినవారి పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఇరవయ్యేళ్ల తర్వాత కెమెరాతో పలాసలో రైలు దిగాను.

కొత్తగా కనబడిన మనిషిని ఉద్దానంలో మొదట అడిగేది పేరు కాదు. ‘ఎవులబ్బాయివి? ఏ వీధి?’ అంటారు. ఎంతో ఆప్యాయంగానే అంటారు. వీధి చెబితే కులం చెప్పినట్టే కనుక కులం అడగవలసిన అవసరం ఉండదు. మాది దండాసి వీధి. ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉన్న రోజుల నుంచీ గ్రామ కావలి మా కులానికి అప్పగించిన పని. ఊరికి కాపలా కాసినవాడి ఇల్లు ఊరి చివరే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా బంధువర్గం కొంత అటు, కొంత ఇటు అయింది. శ్రీకాకుళం దాటితే ఈ కులం పేరు విన్నవారు అరుదు.

పదహారేళ్లప్పుడు ఒక స్టూడియోలో పనికి కుదిరాను. పెళ్లిళ్లలో లైటు పట్టుకోవడం నా పని. కొన్ని ఇళ్లలో లైటు గడప లోపలికి వెళ్లేది, నేను బయట నిలబడేవాణ్ని. తీగ పొడవు సరిపోయేది కనుక ఎవరికీ ఇబ్బంది లేదు. అందుకే కాబోలు, నగరం చేరి సొంత కెమెరా చేతికి వచ్చాక నాకు అందులో అన్నిటికన్నా నచ్చిన గుణం ఇది: కెమెరా వెనకున్నవాణ్ని ఎవరూ ఏ వీధి అని అడగరు. ఇరవయ్యేళ్లు ఆ అజ్ఞాతం నన్ను కాపాడింది. ఇప్పుడు అది నాకు చాలడం లేదు. కారణం నా ఊరి బొమ్మలే.

ఉద్దానం బొమ్మలు దేశం చాలానే చూసింది. డయాలసిస్ యంత్రం పక్కన చెయ్యి చాపి పడుకున్న మనిషి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక వేళ్లతో సహా లేచి పడిన కొబ్బరి చెట్లు. జీడి పిక్క నూనెకు నల్లబడిన ఆడవాళ్ల వేళ్లు. అన్నీ నిజమే. అన్నిటి కిందా ‘ఒక బాధితుడు’, ‘ఒక కూలీ’ అనే రాత. ఆసుపత్రికో కార్ఖానాకో రిబ్బను కత్తిరించినవారి పేర్లు మాత్రం ఎడమ నుంచి కుడికి వరసగా ఉంటాయి.

పేరు లేకపోతే ఏం పోయింది అనవచ్చు. తుపాను తర్వాత చెట్టుకు ఇంత అని లెక్కకట్టి పరిహారం ఇస్తారు, చెట్టు ఉన్నవాడికి. ఆ చెట్టెక్కి కాయ దింపి బతికేవాడికి చెట్టూ లేదు, పట్టా లేదు. ఫొటోలో ఇద్దరూ పడిపోయిన చెట్టు పక్కనే నిలబడతారు, ఒకేలా ఏడుస్తారు. పలాస జీడిపప్పును 240 రకమనీ 320 రకమనీ అమ్ముతారు. పౌనుకు సుమారు ఎన్ని పలుకులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. పలుకుకు అంత నిక్కచ్చి లెక్క ఉంది. పిక్క కొట్టే చోట ఎవరు, పొట్టు తీసే చోట ఎవరు, గల్లా దగ్గర ఎవరు అన్న లెక్క ఏ డబ్బా మీదా ఉండదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, సంతోషం. జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. జబ్బు కులం చూడదంటారు. ఎండలో ఎక్కువ గంటలు వంగి పనిచేసేది ఎవరు, వైద్యానికి వచ్చిన ప్రతిసారీ కూలి పోగొట్టుకునేది ఎవరు అన్న ప్రశ్నలకు మాత్రం కులం ఉంది.

బొమ్మ కింద కులం పేరు రాయడం కొత్త సంగతి కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ జనం తలలూ ముక్కులూ కొలిచి, ఛాయాచిత్రాలతో సహా 1909లో ఏడు సంపుటాల దక్షిణాది కులాల గ్రంథం వెలువరించాడు. అక్కడ కులానికి పేరుంది, మనిషికి లేదు. ఇవాళ్టి బొమ్మల్లో రెండింటికీ లేదు. అందుకే నేను ప్రతి బొమ్మ వెనకా అయిదు గళ్లు గీసుకున్నాను: పేరు, ఊరు, పని, కూలి, కులం. అయిదింటిలో ఏది నింపాలో చెప్పేది బొమ్మలోని మనిషి.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు వీలు కల్పించింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్స్ రెల్లి తదితర 12 కులాలను మొదటి గ్రూపుగా చేసి 1 శాతం కేటాయించింది. బవురి, డోమ్, ఘాసి, మెహతర్, దండాసి వంటి ఆ పేర్లను పూర్తిగా చదివి వినిపించినవారు, మాల మాదిగల హోరాహోరీ వాదాల నడుమ, ఎందరు? ఆ ఒక్క శాతం చాలునా చాలదా అని తేల్చేవారికైనా ముందు ఈ మనుషులు కనబడాలి.

నా కాగితం మీద 14 పేర్లున్నాయి. ఇద్దరు కిడ్నీ జబ్బుతో పోయారు. ఒకడు బడిపంతులు. ముగ్గురు హైదరాబాదులో అపార్టుమెంట్ల వాచ్‌మన్లు. గ్రామ కావలి అలా నగరానికి బదిలీ అయింది. ఊళ్లోనే ఉన్న ఒక మిత్రుడి భార్య జీడి కార్ఖానాలో పొట్టు తీస్తుంది. నేను కెమెరా ఎత్తగానే అలవాటుగా చేతులు చాపబోయి ఆగింది. ‘సేతులెందుకన్నా, మొకం తియ్యి’ అని లోపలికి వెళ్లి చీర మార్చుకు వచ్చింది. అయిదు గళ్లూ తానే నింపించింది, కూలి పైసలతో సహా.

హైదరాబాదులో సెల్లార్ గదిలో ఉంటున్న మిత్రుడు యూనిఫారం, టోపీ వేసుకుని నిలబడ్డాడు. పేరు రాయమన్నాడు, ఊరు రాయమన్నాడు, జీతం కూడా చెప్పాడు. చివరి గడి దగ్గర ఆగాడు. ‘అదిప్పుడొద్దురా. మీ చెల్లెలు పైన రెండిళ్లలో వంట చేస్తోంది’ అన్నాడు. ఆ గడి ఖాళీగా ఉంచాను.