ప్రైవేటు మాష్టారును ఎన్నుకోవడం ఎలా?

హంగేరీ దేశంలో కోచ్ అనే చిన్న గ్రామం ఒకటి ఉన్నది. సుమారు అయిదువందల ఏళ్ళ క్రితం ఆ గ్రామంలోని పనివాళ్ళు తేలికగా, వేగంగా పోయే గుర్రపుబళ్ళు తయారుచేసేవారు. ఆ బళ్ళకు ఐరోపా అంతటా పేరు వచ్చింది. చివరకు ఊరి పేరే బండికి పేరైపోయింది. ఇంగ్లీషులో బండిని "కోచ్" అనటం అలా వచ్చినదే. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మాష్టారును వేళాకోళంగా "కోచ్" అని పిలవసాగారు. బండి మనిషిని ఊరు చేర్చినట్టు, ఈయన తమను పరీక్ష దాటిస్తాడని వారి భావం. ఇవాళ బెజవాడలో ఎటు చూసినా కనిపించే "కోచింగు" అనే మాట వెనక ఇంత కథ ఉన్నది.

గొప్ప గొప్ప శాస్త్రవేత్తలు కూడా ఈ బండి ఎక్కినవారే. కేంబ్రిడ్జిలో విలియం హాప్కిన్స్ అనే ప్రైవేటు మాష్టారు ఉండేవాడు. కెల్విన్, స్టోక్స్, మాక్స్‌వెల్ ముగ్గురూ ఆయన దగ్గర చదువుకున్నారు. మీ ఇంటర్మీడియెట్ ఫిజిక్సు పుస్తకంలో ఈ మూడు పేర్లూ కనిపిస్తాయి. 1854లో జరిగిన గణితం పరీక్షలో ఎడ్వర్డ్ రౌత్ అనే ఆయనకు మొదటి స్థానమూ, మాక్స్‌వెల్‌కు రెండో స్థానమూ వచ్చాయి. రౌత్ తరవాత పేరుమోసిన ప్రైవేటు మాష్టారై ఎందరినో పైకి తెచ్చాడు. రెండోవాడైన మాక్స్‌వెల్, వెలుతురు అన్నది విద్యుదయస్కాంత తరంగమేనని లెక్కలు కట్టి చెప్పి, ప్రపంచ ప్రఖ్యాతుడైనాడు.

కనక ప్రైవేటు చెప్పించుకోవడం చిన్నతనమేమీ కాదు. కాని ఎవరికి అవసరం, ఎటువంటి మాష్టారు కావాలి అన్నది మాత్రం తల్లిదండ్రులూ, పిల్లలూ కలిసి కూర్చుని ఆలోచించవలసిన సంగతి.

పదో తరగతి దాకా బాగా చదివిన పిల్లలు కూడా ఇంటర్మీడియెట్‌లో చేరగానే ఫిజిక్సు దగ్గర తడబడతారు. దానికి కారణం ఉన్నది. పదో తరగతిలో చాలా ప్రశ్నలకు చదివినది చదివినట్టు రాస్తే సరిపోతుంది. ఇంటర్‌లో అలా కుదరదు. మొదటి సంవత్సరంలో చలనం, బలం, ఉష్ణం మొదలైనవీ, రెండో సంవత్సరంలో విద్యుత్తు, అయస్కాంతత్వం, పరమాణువు మొదలైనవీ వస్తాయి. ప్రతిచోటా లెక్క కట్టాలి. ఆ లెక్కకు త్రికోణమితి కావాలి, సదిశలు కావాలి, కలనగణితం కావాలి. తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు పుస్తకం మరొక అడ్డు. ఇన్ని అడ్డంకుల్లో మన పిల్లవాడికి అడ్డుపడుతున్నది ఏది? ముందుగా అది తెలుసుకోకుండా మాష్టారును వెదకడం, జబ్బు ఏమిటో తెలియకుండా మందు కొనడం వంటిది.

భవానీపురంలో నాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. తండ్రి ఆటో నడుపుతాడు. అమ్మాయికి పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయి. ఇంటర్ మొదటి ఏడు ఫిజిక్సులో మాత్రం అడుగుకు పోయింది. తల్లి తన చేతి గాజులు కుదువపెట్టి, పిల్లను ఒకచోట ప్రైవేటులో చేర్చింది. అక్కడ ఒక్కొక్క గదిలో డెబ్బై, ఎనభై మంది పిల్లలు. తెల్లవారుజామున అక్కడికి, తరవాత కాలేజీకి, సాయంత్రం మళ్ళీ అక్కడికి. మూడు నెలలైనా మార్కులు పెరగలేదు. పైగా పిల్ల ఇంట్లో మాట్లాడటం తగ్గించేసింది. గాజులు తన మూలంగానే పోయాయని ఆమె మనసులో బెంగ పెట్టుకున్నదని ఎవరికీ తెలియలేదు. ఆ సంగతి కనిపెట్టినది నాయనమ్మ. "పిల్ల పుస్తకం ముందు పెట్టుకుని గోడకేసి చూస్తున్నదిరా," అని కొడుకును హెచ్చరించింది.

ఆ వీధిలోనే రిటైరైన లెక్చరరు ఒకరు ఉన్నారు. తండ్రి అమ్మాయిని ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన పాఠమేమీ చెప్పలేదు. కాగితం మీద ఒక గీత గీసి, "ఏమ్మా, 10 న్యూటన్ల బలం నేలకు 60 డిగ్రీల కోణంలో లాగుతున్నది. నేల వెంబడి లాగే భాగం ఎంత?" అన్నారు.

"ఎఫ్ కాస్ తీటా అండీ. 5 న్యూటన్లు," అన్నది అమ్మాయి.

"బాగుంది. కాస్ ఎందుకు? సైన్ ఎందుకు కాకూడదు?"

అమ్మాయి చాలాసేపు ఊరుకుని, "తెలియదండీ, అలా రాయమన్నారు," అన్నది.

లోపం ఫిజిక్సులో లేదు. పదో తరగతిలో త్రికోణమితిని అర్థం చేసుకోకుండా బట్టీపట్టింది, అంతే. ఆయన పన్నెండు సాయంకాలాలు స్కేలూ, కోణమానినీ ఇచ్చి త్రిభుజాలు గీయించారు, భుజాలు కొలిపించారు. అక్కడినుంచి అమ్మాయి తన పుస్తకం తానే చదువుకోగలిగింది. గాజులు విడిపించడానికి మరొక ఏడాది పట్టింది గాని, పిల్ల మాత్రం ఆ నెలలోనే మళ్ళీ ఇంట్లో నవ్వసాగింది.

మరి మీ ఇంట్లో ఈ పరీక్ష ఎలా చేయాలి? కష్టమైన పని కాదు. పిల్లవాడికి రాని లెక్కలు అయిదు తీసుకోండి. ఒక్కొక్కటీ పైకి చదివించి, "ఏమి ఇచ్చారు, ఏమి అడిగారు?" అని తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే చిక్కు భాషలో ఉన్నది. చెప్పగలిగి, బొమ్మ గీయలేకపోతే చిక్కు ఫిజిక్సులో ఉన్నది. బొమ్మ గీసి, సమీకరణం రాసి, అక్కడ ఆగిపోతే చిక్కు గణితంలో ఉన్నది. ఇవన్నీ చేయగలిగి కూడా పరీక్షలో తప్పుతున్నాడంటే, వాడు ఎన్నింటికి పడుకుంటున్నాడో కనుక్కోండి. నిద్ర చాలనివాడికి మరొక ప్రైవేటు పెడితే, ఉన్న నిద్ర కూడా పోతుంది.

ఇక వెదకవలసిన చోట్లు. మొదట పిల్లవాడి కాలేజీ లెక్చరరునే అడగండి. తరగతి అయ్యాక పది నిమిషాలు సందేహం చెప్పమంటే కాదనేవారు తక్కువ. తరవాత, మీ పేటలో రిటైరైన లెక్చరర్లు ఎవరున్నారో కనుక్కోండి. ఊళ్ళో ఆంధ్ర లయోలా కాలేజీ, కొత్తపేటలో కాకరపర్తి భావనారాయణ కాలేజీ, మాచవరంలో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. ప్రభుత్వ కాలేజీ ఉన్నాయి. ఇటువంటి కాలేజీలలో ఫిజిక్సు చదివే పెద్ద విద్యార్థులు ఇంటర్ పాఠాలు చక్కగా చెప్పగలరు. తాము పడిన తికమక వారికి ఇంకా గుర్తుంటుంది. బడిలో పనిచేస్తున్న పంతుళ్ళను మాత్రం ప్రైవేటు చెప్పమని ఒత్తిడి చేయకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షను, ఉపాధ్యాయులు ప్రైవేటుగా ట్యూషను చెప్పరాదని అంటున్నది.

మాష్టారు దొరికాక వెంటనే ఏడాది డబ్బు కట్టవద్దు. ఒకటి రెండు పాఠాలు వినిపించండి. ఆ పాఠం ఎలా ఉండాలో భవానీపురం పిల్లలకు తెలిసిన సంగతితోనే చెబుతాను.

పున్నమిఘాటు నుంచి భవానీద్వీపానికి పడవలు పోవడం మీరు చూసే ఉంటారు. మధ్యనున్న నీటి వెడల్పు 300 మీటర్లు అనుకుందాం. నిలకడ నీటిలో పడవ సెకనుకు 5 మీటర్లు పోతుంది. ఏరు సెకనుకు 3 మీటర్లు ప్రవహిస్తున్నది. పడవ ముక్కును సూటిగా ఎదుటి గట్టుకేసి ఉంచితే ఏమవుతుంది? పడవ అడ్డంగా సెకనుకు 5 మీటర్ల చొప్పున పోయి 60 సెకనుల్లో గట్టు చేరుతుంది. కాని ఆ 60 సెకనుల్లో ఏరు దాన్ని 180 మీటర్లు దిగువకు, అంటే బ్యారేజీ వైపుకు, లాక్కుపోతుంది. అలా కాక సరిగా ఎదురుగా ఉన్న చోటికే చేరాలంటే, పడవ ముక్కును సుమారు 37 డిగ్రీలు ఎగువకు తిప్పి ఉంచాలి. అప్పుడు పడవ వేగంలో 3 మీటర్లు ఏటిని ఎదుర్కోవడానికి ఖర్చయి, అడ్డంగా పోవడానికి 4 మీటర్లే మిగులుతుంది. అందుచేత 75 సెకనులు పడుతుంది.

ఒక మాష్టారు బోర్డు మీద రెండు సూత్రాలు రాసి, "ఇందులో అంకెలు వేసుకో, జవాబు వస్తుంది," అంటాడు. జవాబు వస్తుంది, నిజమే. మరొక మాష్టారు అంకెలు చెప్పకముందే, "నువ్వే పడవ నడుపుతున్నావనుకో. ముక్కు ఎటు తిప్పుతావు?" అని అడుగుతాడు. పిల్లవాడు తప్పు చెప్పినా కసరడు. "సరే, అలాగే పోనిద్దాం, ఎక్కడికి చేరుతుందో చూద్దాం," అని ఆ తప్పు వెంటనే నడిపించి, అది ఎక్కడ చెడిందో వాడి చేతనే చెప్పిస్తాడు. మనం వెదకవలసినది ఈ రెండో మాష్టారును.

పిల్లలూ, మీరు ఆయన్ను ఒక ప్రశ్న అడిగి చూడండి: "మాష్టారూ, ఏరు కూడా సెకనుకు 5 మీటర్లు ప్రవహిస్తే?" మంచి మాష్టారు ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. అప్పుడు ముక్కు ఎటు తిప్పినా పడవ సరిగా ఎదుటి చోటికి చేరలేదు. ఏటి వేగాన్ని ఎదుర్కోవడానికే దాని బలమంతా సరిపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు, కొట్టుకువచ్చిన పడవలు బ్యారేజీ తలుపుల దగ్గర ఢీకొన్న సంగతి మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. వరదలో పడవలు ఎందుకు ఆపేస్తారో ఈ లెక్క చెబుతుంది. మీ ప్రశ్నకు, "అది సిలబసులో లేదు, ఊరుకో," అని జవాబు వస్తే, ఇంటికి వచ్చి అమ్మానాన్నలకు ఆ మాట చెప్పండి.

పెద్దలు తెలుసుకోవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగు కేంద్రాల విషయమై మార్గదర్శకాలు ప్రకటించింది. వాటి ప్రకారం, 16 ఏళ్ళు నిండని పిల్లలను చేర్చుకోరాదు, చేర్చుకుంటే పదో తరగతి పరీక్ష అయిన తరవాతనే. పాఠం చెప్పేవారు కనీసం డిగ్రీ చదివి ఉండాలి. రోజుకు 5 గంటలకు మించి తరగతులు ఉండరాదు. వారానికి ఒక రోజు సెలవు ఉండాలి. ర్యాంకు ఖాయమని ఆశపెట్టరాదు. మధ్యలో మానితే మిగిలిన కాలానికి రుసుము లెక్కగట్టి 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఒక్కరే మాష్టారు ఇంటి దగ్గర చెప్పినా ఈ సూత్రాలనే మనసులో పెట్టుకోండి. రుసుము నెలనెలా ఇవ్వండి. పాఠం ముందుగదిలో, తలుపులు తెరిచి, పెద్దవారు ఒకరు ఇంట్లో ఉండగా జరగనివ్వండి. నెలకు ఒకసారి పిల్లవాణ్ణి, "ఈ నెల కొత్తగా ఏం అర్థమయింది?" అని అడగండి. మార్కులు తరవాత చూడవచ్చు.

మాష్టారును పెట్టుకునే స్తోమతు లేనివారు దిగులుపడవద్దు. మైకేల్ ఫారడే పుస్తకాలు బైండు చేసే కుర్రవాడు. 1812లో ఒకరు టిక్కెట్లు ఇస్తే హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. విన్నదంతా సొంత మాటల్లో రాసి, బొమ్మలు వేసి, తానే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడు డేవీ అతన్ని సహాయకుడుగా తీసుకున్నాడు. అయస్కాంతంతో విద్యుత్తు పుట్టించవచ్చునని 1831లో కనిపెట్టినది ఆ ఫారడేయే. ఇవాళ ఎన్‌సీఈఆర్‌టీవారి 11, 12 తరగతుల ఫిజిక్సు పుస్తకాలు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతున్నాయి. నలుగురు స్నేహితులు వారానికి రెండు సాయంకాలాలు కూడి, ఒక్కొక్క లెక్కను ఒకరు మిగతా ముగ్గురికి చెప్పండి. చెప్పబోయేసరికి మనకు ఏది రాదో మనకే తెలిసిపోతుంది.

మన ప్రాంతంవాడే సూరి భగవంతం. ఆయన 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టాడు. 1928లో కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ దగ్గర పరిశోధనకు చేరాడు. రామన్ ఫలితం బయటపడినది ఆ ఏడే. గురువు పక్కన నిలబడి పని నేర్చుకున్న భగవంతం, తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎందరికో తానే గురువైనాడు. 1957లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరయాడు. మంచి గురువు చేసే పని ఇదే. ప్రైవేటు మాష్టారు కూడా కొన్ని నెలలకు, "ఇక నేను అక్కరలేదు, నువ్వే చదువుకోగలవు," అని చెప్పగలిగితే ఆయనకు ఇచ్చిన ప్రతి రూపాయీ సార్థకమైనట్టే.

చివరగా మీకు ఒక ప్రశ్న. ప్రకాశం బ్యారేజీ వెనక నీరు మైళ్ళ పొడుగున నిలిచి ఉన్నది. అంతే లోతు నీరు వెనక నూరు మీటర్ల మేరనే ఉంటే, బ్యారేజీ తలుపుల మీద పడే ఒత్తిడి తగ్గుతుందా? ఇంట్లో అందరినీ అడగండి. తరవాత మీ మాష్టారును అడగండి. జవాబు: తగ్గదు, నిలకడ నీటి ఒత్తిడి లోతును బట్టి ఉంటుంది, నీటి పొడుగును బట్టి కాదు. కాని జవాబు చెప్పి ఊరుకోక, ఒక డబ్బాకు పైనా కిందా చిల్లులు పెట్టి, నీరు పోసి మీకు చూపించే మాష్టారు దొరికితే, ఆయన్ను వదలకండి.